ఆర్గానిక్‌లో సి వస్తే మెడిసిన్ ఆశ వదులుకోవాలా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటాం. మా అమ్మాయి ప్రీమెడ్ (మెడిసిన్‌కి ముందు చేసే డిగ్రీ చదువు) రెండో సంవత్సరం. ఆర్గానిక్ కెమిస్ట్రీలో సి వచ్చింది, మిగతావన్నీ దాదాపు ఏలే. అదే కోర్సు మళ్లీ తీసుకుంటే పాత గ్రేడు పోతుందా? బయాలజీ మానేసి తేలికైన మేజర్‌కి మారితే జీపీఏ పెరుగుతుంది కదా అని వాళ్ల నాన్న గొడవ. ఇంట్లో ఒకటే టెన్షన్.
– ఒక తల్లి, టెక్సస్

జవాబు: పోదమ్మా. కాలేజీ వాళ్లు తమ లెక్కలో పాత గ్రేడు తీసేసినా, ఎండీ (ఇక్కడ మామూలు డాక్టర్ డిగ్రీ అదే) స్కూళ్లకి అప్లికేషన్లు పంపే ఆమ్‌కాస్ మాత్రం రెండూ కలుపుతుంది, అంటే రెండోసారి ఏ తెచ్చుకున్నా సికి 2, ఏకి 4, సగటున ఆ కోర్సుకి 3 పడుతుందన్నమాట. డీవో స్కూళ్ల (ఆస్టియోపతిక్ డాక్టర్లని తయారుచేసేవి) అప్లికేషన్‌లో ఒకప్పుడు కొత్త గ్రేడే లెక్కకొచ్చేది, 2017లో అదీ ఆపేశారు. చాలా స్కూళ్లకి ప్రీరిక్విజిట్‌గా, అంటే చేరడానికి ముందు తప్పనిసరిగా చదవాల్సిన కోర్సుగా, సి సరిపోతుంది కాబట్టి, నన్నడిగితే అదే కోర్సు మళ్లీ చదవడం కంటే తర్వాత వచ్చే బయోకెమిస్ట్రీలో ఏ తెచ్చుకోవడం మేలు. మెడికల్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌లోనూ అది బాగా అడుగుతారు.

ఇక మేజర్ సంగతి. ఆయనకి కోపం వచ్చినా చెప్పాలి, దానివల్ల ఒరిగేది తక్కువ. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ కోర్సులకి ఆమ్‌కాస్ విడిగా ఇంకో జీపీఏ కడుతుంది, సైన్స్ జీపీఏ అంటారు చూడండి, అదే. హిస్టరీ మేజర్ తీసుకున్నా ప్రీరిక్విజిట్లు తప్పవు, హిస్టరీలో ఎన్ని ఏలు వచ్చినా ఈ సైన్స్ జీపీఏ కదలదు. ఆ అమ్మాయికే హిస్టరీ ఇష్టమైతే వేరే మాట, హాయిగా మారొచ్చు, ఏ మేజర్ అయినా మెడికల్ స్కూళ్లకి అభ్యంతరం లేదు.

మన నీట్‌లాగా ఒక్క ర్యాంకుతో తేలిపోయే వ్యవహారం కాదిది. ఈమధ్య ఎండీలో చేరినవాళ్ల సగటు జీపీఏ 3.8 దగ్గర, ఎంక్యాట్ 528కి 512 దగ్గర ఉంటోంది. సగటు అంటే అంతకంటే తక్కువ వచ్చినవాళ్లకీ సీట్లొచ్చాయనే కదా! పైగా ఏ ఏడాది జీపీఏ ఆ ఏడాదికి విడిగా కనిపిస్తుంది, రెండో ఏట తగ్గి మూడు, నాలుగు ఏళ్లలో పుంజుకుంటే అది ఆ స్కూళ్లవాళ్ల కళ్లబడుతుంది. గ్రేడులు ఓసారి పెరిగి ఓసారి తగ్గుతూ ఉంటే మాత్రం కష్టం.

మీరు టెక్సస్ వాళ్లు కదా, ఇక్కడి స్కూళ్లలో ఎక్కువ వాటికి టీఎండీశాస్ అనే వేరే అప్లికేషన్ ఉంది. దాంట్లో ప్లస్సులు, మైనస్సులు లెక్కలోకి రావు. ఏ మైనస్ వస్తే ఆమ్‌కాస్‌లో 3.7, ఇక్కడ పూర్తి 4. బి ప్లస్ అయితే అక్కడ 3.3, ఇక్కడ 3 మాత్రమే. కాబట్టి రెండు చోట్లా ఎంత వస్తుందో విడివిడిగా వేసి చూసుకోమనండి. హైస్కూల్లో ఉండగా డ్యూయల్ క్రెడిట్ (హైస్కూలుకీ కాలేజీకీ రెండింటికీ లెక్కకొచ్చే కోర్సులు) కింద కమ్యూనిటీ కాలేజీ కోర్సులేమైనా చేసిందా? ఆ గ్రేడులూ కలుస్తాయి, ఆ ట్రాన్‌స్క్రిప్టు కూడా ఇప్పుడే తెప్పించుకోండి.