లెటర్ చేతికి రాకముందే షావుకారుకి చెప్పేయాలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. ఆరేళ్ల ఎనిమిది నెలలుగా ఇక్కడే ఒక సిమెంటు, ఇనుము హోల్‌సేల్ కొట్టులో లెక్కలు రాస్తున్నాను. జీతం 18 వేలు. హమాలీలు కాక రిజిస్టర్లో 12 మందిమి ఉన్నాం. షావుకారు గారు నన్ను ఇంట్లో పిల్లాడిలా చూస్తారు. రెండేళ్ల కిందట నాన్న గుండె ఆపరేషన్‌కి అడగకుండానే లక్ష రూపాయలు చేతిలో పెట్టారు. జీతంలో కొంత కొంత పట్టుకోగా ఇంకా 60 వేలు బాకీ. ఈమధ్య విశాఖలో ఒక కంపెనీకి ఇంటర్వ్యూకి వెళ్లొచ్చాను. 27 వేలు ఇస్తామన్నారు. "మీరు సెలెక్ట్ అయినట్టే, లెటర్ పంపిస్తాం" అని మూడు వారాలైంది. ఈలోగా షావుకారు గారు గుణుపూర్‌లో గోడౌన్ తీసుకుని నాకు అప్పగిస్తానంటున్నారు. దసరాకి అడ్వాన్సు ఇచ్చేస్తారట. "ఆయన ఉప్పు తిన్నాం, దాచకూడదు, చెప్పేయ్" అంటోంది అమ్మ. "చెప్తే రేపట్నుంచి రావద్దంటాడు, అదీ రాకపోతే రెంటికీ చెడతావు" అంటున్నాడు బావమరిది. ఆయన ఎదురుపడితేనే టెన్షన్‌గా ఉంటోంది. ఏం చేయమంటారు?
— పేరు వద్దన్న పాఠకుడు, రాయగడ

జవాబు: ఉద్యోగం సంగతి లెటర్ వచ్చేదాకా చెప్పకండి. గోడౌన్ సంగతి మాత్రం ఈ వారమే మాట్లాడండి. మీరు ఈ రెండింటినీ ఒకే మూటగా కట్టి నెత్తిన పెట్టుకున్నారు, అందుకే అంత బరువుగా ఉంది.

మొదటిది ఎందుకు చెప్పొద్దంటున్నానంటే, చెప్పడానికి ఇంకా ఏమీ లేదు కాబట్టి. "సెలెక్ట్ అయినట్టే" అన్న మాటకి జీతం రాదు. మూడు వారాల్లో ఒక కాగితం పంపలేకపోయారంటే పైవాళ్ల సంతకం కాలేదేమో, ఇంకొకర్ని చూస్తున్నారేమో. మీరు వెళ్లి "వెళ్లిపోతానేమో" అని చెప్పారనుకోండి. ఆయన మంచివారే. అయినా ఆ రోజు నుంచి బ్యాంకు పని ఇంకొకరికి చెప్తారు, గల్లాపెట్టె తాళం దగ్గర ఒక్క క్షణం ఆలోచిస్తారు. ఆ కంపెనీ చేయిచ్చి మీరు ఇక్కడే ఉండిపోయినా ఆ ఒక్క క్షణం పోదు. మనసులో ఉన్న ప్రతి ఆలోచనా యజమానికి చెప్పుకోవాల్సిన బాధ్యత ఏ గుమస్తాకీ లేదు. వేరే కుర్రాణ్ని పెట్టుకుంటే బాగుంటుందా అని ఆయన ఎప్పుడైనా ఆలోచించి ఉంటే అది మీకు చెప్పి ఉంటారా?

అమ్మగారి మాట కొట్టిపారేయడం లేదు. ఆవిడ బాధ అప్పు గురించి. దానికి తర్వాత వస్తాను.

గోడౌన్ దగ్గరే మీ మౌనం తప్పవుతుంది. గుణుపూర్‌లో ఆయన పెట్టే అడ్వాన్సు మిమ్మల్ని చూసుకుని పెట్టేది. మీరు లేకపోతే ఆ గోడౌన్ ఆలోచనే ఉండకపోవచ్చు. మీ సంగతి మీరు దాచుకోవచ్చు. మీ భరోసాతో ఇంకొకరు డబ్బు దింపుతుంటే చూస్తూ ఊరుకోకూడదు. కాబట్టి మధ్యాహ్నం కొట్టులో రద్దీ తగ్గాక, ఎవరూ లేనప్పుడు వెళ్లి చెప్పండి: "షావుకారు గారూ, గుణుపూర్ సంగతి నేను చాలా ఆలోచించాను. ఇంట్లో పరిస్థితుల వల్ల ఇప్పుడు ఆ బాధ్యత ఎత్తుకోలేను. నన్ను లెక్కలోకి తీసుకోకుండా చూసుకోండి." ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఇంకా బతిమాలితే "వచ్చే ఏడాది వరకు ఏ మాటా ఇవ్వలేను" అనండి, అక్కడితో ఆగండి. మీ తరహా మనుషులు కొంచెం ఒత్తిడి రాగానే అన్నీ కక్కేస్తారు, ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది.

ఆయన సూటిగా "ఎక్కడైనా చూసుకుంటున్నావా?" అని అడిగితే? అడిగే అవకాశం ఉంది, ఏళ్ల తరబడి మనుషుల్ని చూసిన వ్యాపారి. అప్పుడు మాత్రం లేదని అనకండి. "ఒకచోట మాట్లాడాను, ఏదీ ఖాయం కాలేదు, ఖాయమైతే మొదట మీకే చెప్తాను" అనండి. చెప్పకపోవడాన్ని రేపు ఆయన అర్థం చేసుకుంటారు. మొహం మీద ఆడిన అబద్ధాన్ని మాత్రం ఇల్లిల్లూ చెప్తారు, రాయగడలో తెలుగు వ్యాపారుల ఇళ్లు ఒకదానికొకటి ఎంత దగ్గరో నాకన్నా మీకే బాగా తెలుసు.

అందుకే బావమరిదిని ముందు కట్టడి చేయండి. ఆయన సలహా సగం సరైందే. కానీ ఇలాంటి కబురు బయటికి పొక్కేది అలాంటి శ్రేయోభిలాషుల ద్వారానే. కంపెనీ హెచ్‌ఆర్‌కి కూడా ఈరోజే ఒక మెయిల్ పెట్టండి: ఆఫర్ లెటర్ ఇచ్చేవరకు ప్రస్తుత యజమానికి ఫోన్ చేయవద్దని, లెటర్ ఏ తేదీకి వస్తుందో చెప్పమని. అప్లికేషన్‌లో షావుకారు గారి నంబరు రాసి ఉంటే ఇది మరీ అవసరం. సమాధానం రాకపోతే అది కూడా ఒక సమాధానమే.

లెటర్ వచ్చిందనుకుందాం. జీతం, చేరే తేదీ, ప్రొబేషన్ చూసుకున్నాక మొదట తెలియాల్సింది ఆయనకి. కొట్టులో మిగతా పదకొండు మందిలో ఎవరికీ కాదు, వాట్సాప్‌లో కాదు. ఇంటికి వెళ్లి చెప్పండి. అప్పు మాట ఆయన నోట రాకముందే మీరు తీయండి: "60 వేలు బాకీ ఉన్నాను, నెలకి ఇంత చొప్పున పంపిస్తాను" అని కాగితం మీద రాసి ఇవ్వండి. నెలకి 5 వేలైతే ఏడాదిలో తీరిపోతుంది. విశాఖలో ఇంటి అద్దె పోను 27 వేలలో అది సాధ్యమా అన్నది మీ ఆవిడతో కూర్చుని ముందే లెక్క వేసుకోండి, మాట ఇచ్చి తప్పితే అమ్మగారు భయపడ్డది నిజమవుతుంది.

ఇంకొక విషయం మీకు తెలిసి ఉండకపోవచ్చు. పది మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే కొట్లకి గ్రాట్యుటీ, అంటే పని మానేటప్పుడు యజమాని ఇవ్వాల్సిన డబ్బు, వర్తిస్తుంది. ఐదేళ్లు నిండితే హక్కు వస్తుంది. ఏడాదికి 15 రోజుల జీతం, నెలని 26 రోజులుగా లెక్కిస్తారు. చివరి ఏడాదిలో ఆరు నెలలు దాటితే పూర్తి ఏడాది కిందే లెక్క, అంటే మీకు ఏడేళ్లు. 18 వేలూ బేసిక్, డీఏలే అయితే సుమారు 72 వేల 700. అవును, మీ బాకీ కన్నా ఎక్కువ. కానీ దీన్ని పట్టుకుని మొదటి రోజే "మీరే నాకు ఇవ్వాలి" అనకండి. అప్పు మాట ముందు, ఇది తర్వాత, నిదానంగా, కొట్టు ఆడిటర్ గారి ద్వారా అయితే ఇంకా మంచిది.

వెళ్లే తేదీ మీ చేతిలో ఉంటే 20వ తేదీ దాటాక పెట్టుకోండి. నెలనెలా జీఎస్టీ రిటర్న్ వేసే కొట్టు అయితే 11కి జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు), 20కి 3బి (పన్ను కట్టే రిటర్న్) పడాలి, ఆ మధ్యలో వదిలేసి వెళ్తే ఆయనకి జరిమానా, మీకు చెడ్డపేరు. అన్నిటికన్నా విలువైనది మాత్రం కంప్యూటర్‌లో ఉండదు. ఏ ఊరి కాంట్రాక్టరు బిల్లు పాసయ్యాకే కడతాడు, బిస్సంకటక్ వైపు ఏ రైతు పత్తి డబ్బు వచ్చాక తనే వచ్చి కట్టిపోతాడు, ఎవరికి ఫోన్ చేస్తే రోషపడి కొనడం మానేస్తాడు, ఎవరితో ఒడియాలో మాట్లాడితే పని అవుతుంది, ఎవరికి మధ్యలో కువి (అక్కడి కొంధుల భాష) తెలిసిన మనిషి కావాలి. ఇవన్నీ మీ తలలోనే ఉన్నాయి. ఒక పొడుగు నోటుబుక్కు కొని ఖాతాదారు ఖాతాదారుకీ రెండు లైన్లు చొప్పున ఇప్పటినుంచే రాయండి. లెటర్ రాకపోయినా ఆ పుస్తకం వృథా కాదు, మీరు సెలవు పెట్టిన రోజు పనికొస్తుంది.

చివరగా, ఆయన "ఐదు వేలు పెంచుతాను, ఉండిపో" అంటే? అనడానికే ఎక్కువ అవకాశం. ఆ క్షణంలో ఆలోచిస్తే మొహమాటమే గెలుస్తుంది. కాబట్టి లెటర్ రాకముందే మీరూ మీ ఆవిడా ఒక అంకె అనుకోండి, ఎంత ఇస్తే రాయగడలోనే ఉంటారో, లేదా ఎంత ఇచ్చినా ఉండరో. పిల్లల చదువు, నాన్నగారి ఆస్పత్రి, నెలకి ఎన్నిసార్లు రైలెక్కాలి, అన్నీ అందులో కలపండి. తర్వాత ఆయన ఎదుట కూర్చున్నప్పుడు ఆ అంకె మాత్రమే గుర్తుపెట్టుకోండి.