చెత్తకుప్ప మీద కేసు: ముందు తేదీ తేల్చండి

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో ఒక పట్టణం. వీధి చివర మునిసిపాలిటీ ఖాళీ స్థలంలో రెండేళ్లుగా చెత్త బండ్లు చెత్త దించి పోతున్నాయి. ట్రాక్టరు వచ్చేదాకా రెండు మూడు రోజులు అక్కడే కుళ్లుతుంది. అమ్మకు ఆయాసం, అందరికీ టెన్షన్. ఎన్నిసార్లు చెప్పినా నిధుల్లేవంటారు. బండి రాని రోజు మేమూ అక్కడే వేస్తున్నాం. కుప్పకు నిప్పు పెట్టేద్దామని వీధివాళ్లు అంటున్నారు. గ్రీన్ ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చా?

జవాబు: చెత్త దించడం ఏ తేదీన మొదలైందో మీరు రాయలేదు. కేసు నిలబడేదీ పోయేదీ దాని మీదే. జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం, 2010లోని 14వ సెక్షన్ కింద వివాదం మొదటిసారి తలెత్తిన రోజు నుంచి ఆరు నెలల్లో దరఖాస్తు వేయాలి. తగిన కారణం చూపితే మరో 60 రోజులు ఇస్తారు. మీకు రెండేళ్లు దాటింది. రోజూ చెత్త పడుతోంది కాబట్టి గడువు రోజూ కొత్తగా మొదలవుతుందని వాదించవచ్చు గానీ, 'మొదటిసారి' అన్న మాట చట్టంలోనే ఉంది. ఆ ఒక్క వాదనను నమ్ముకుని ట్రిబ్యునల్ చెన్నై బెంచి దాకా వెళ్లకండి.

రెండేళ్లలో ఒక్క అర్జీ అయినా రాసి, అందినట్టు ఆఫీసులో ఇన్‌వార్డ్ ముద్ర వేయించుకోలేదా? నోటిమాటగా చెప్పినదాన్ని రేపు ఆఫీసులో ఎవరూ ఒప్పుకోరు. పైగా మీరూ అక్కడే వేస్తున్నామంటున్నారు. అవతలి వకీలు మొదట అడిగేది అదే. ఈ రోజు నుంచే మానేయండి, వీధిలో అందరిచేతా మాన్పించండి. బండి రాని రోజు తడి చెత్త, పొడి చెత్త విడిగా ఇంట్లోనే ఉంచి, బండి రాలేదని ఆ రోజే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

నిప్పు మాట మాత్రం మరిచిపోండి. ఆరుబయట చెత్త తగలబెడితే 5,000 రూపాయలు, పెద్దమొత్తంలో అయితే 25,000 కట్టించాలని ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే ఆదేశించింది. బాధితులుగా వెళ్లాల్సినవాళ్లు నిందితులవుతారు, సాక్ష్యమూ బూడిదవుతుంది. ఆ పొగ ముందుగా పీల్చేది మీ అమ్మగారే.

మీకు దగ్గర దారి ఆర్డీఓ ఆఫీసు. సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్‌గా ఆర్డీఓకు బహిరంగ స్థలంలోని న్యూసెన్స్ తొలగించమని ఆదేశించే అధికారం ఉంది. ఇది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో 133. పబ్లిక్ న్యూసెన్స్, అంటే నలుగురికీ ఇబ్బంది, అని చూపాలి కాబట్టి మీ ఒక్క ఇంటి బాధ చాలదు, వీధివాళ్ల సంతకాలు పెట్టించండి. నిధుల్లేవన్న సాకు చెల్లదని 1980లో రత్లాం మునిసిపాలిటీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అదీ ఇదే సెక్షన్ కింద నడిచిన కేసే, అర్జీలో రాయండి.

దానికి ముందు మునిసిపల్ కమిషనర్‌కు స్పీడ్ పోస్టులో నోటీసు పంపి రసీదు దాచండి. ఈ స్థలంలో చెత్త దించడానికి ఏ తీర్మానం ఉంది, ఎప్పటి నుంచి దించుతున్నారు, ట్రాక్టరు ఏయే రోజుల్లో వచ్చింది అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. మీ దగ్గర లేని తేదీ వాళ్ల రికార్డులోనే దొరకవచ్చు. ఫొటోలు తీసిన ఫోను మార్చకండి, అసలు ఫైళ్లు చెరపకండి. వాట్సాప్‌లో వచ్చిన కాపీ చూపితే చాలదు, కొత్త సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియమ్) 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి.

అమ్మగారి ఆరోగ్యానికి పరిహారం అడగాలంటే ట్రిబ్యునల్ చట్టంలోని 15వ సెక్షన్ ఉంది. దానికి గడువు ఐదేళ్లు. ఆయాసానికి ఈ కుప్పే కారణమని డాక్టరు రాసిన కాగితం లేకుండా అందులోకి దిగవద్దు.