కొండెక్కితే డీలా పడే బండి

ప్రశ్న: పల్లపు మిన్నెసోటాలో మా స్నోమొబైల్ (మంచు మీద నడిచే బండి) దూసుకుపోతుందండీ, అదే కొలరాడోలో 10,000 అడుగుల ఎత్తుకెళ్తే ఆర్పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) అందుకోవట్లేదు. క్లచ్ వెయిట్స్ (ఇంజన్ తిరిగేకొద్దీ క్లచ్‌లో బెల్టుని పైకి తోసే చిన్న బరువులు) బరువువి వేయాలా, తేలికవా?

జవాబు: తేలికవేనండీ. అంత ఎత్తులో గాలి పల్చన కదా, టర్బో లేని ఇంజన్‌కి ప్రతి 1,000 అడుగులకీ దాదాపు 3 శాతం పవర్ పోతుంది, అంటే మీకు పావు వంతు హాంఫట్, పాత వెయిట్సేమో బెల్టుని తొందరగా పైకి తోసేసి, అంటే ముందే పై గేరు పడ్డట్టు చేసి, ఉన్న కాస్త పవర్‌తో తిరిగే ఇంజన్‌నీ నొక్కేస్తాయి. ఫుల్ థ్రాటిల్‌లో మాన్యువల్‌లో రాసిన ఆర్పీఎం వచ్చేదాకా కొద్ది గ్రాముల చొప్పున తగ్గిస్తూ పోండి, సెట్‌లో అన్నీ ఒకే బరువుండాలి, లేదంటే వణుకుడే. అన్నట్టు ముందు బెల్టు చూసుకోండి, అరిగిపోయుంటే ఈ లెక్కలేవీ నిలవవు. మిన్నెసోటాకి తిరిగొచ్చాక మాత్రం పాతవే బిగించండి, తేలికవి ఉంచేస్తే ఇంజన్ హద్దు దాటి అరుస్తుంది.