చెవికి క్లిప్ పెడితే షుగర్ మాత్రలు తగ్గించవచ్చా?

మీ నాన్నగారికి పదేళ్ళుగా షుగర్ ఉందని, చెవికి క్లిప్ పెట్టి సన్నగా కరెంటు పంపే మిషన్ కొంటే మాత్రలు తగ్గించవచ్చని ఎవరో చెప్పారని, కొనాలా వద్దా అని అడిగారు. డాక్టరు చెప్పకుండా ఒక్క మాత్ర కూడా తగ్గించకండి. మిషన్ సంగతి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. మా అమ్మకి ఇలాంటివి రెండు వాడాం. ఒకటి మేలు చేసింది, రెండోదాని వల్ల చాలా భయపడ్డాం.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. అమ్మకి 61 ఏళ్ళు, షుగర్ వచ్చి 14 ఏళ్ళు. నాలుగేళ్ళ కిందట అరికాళ్ళ మంటలు మొదలయ్యాయి. రాత్రిపూట దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయేది. అర్ధరాత్రి లేచి కుళాయి కింద కాళ్ళు పెట్టుకుని కూర్చునేది. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నాయన్నారు డాక్టరుగారు. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో కొందరికి బి12 విటమిన్ తగ్గుతుందని అది కూడా పరీక్ష చేయించారు. మంటకి మాత్ర రాసి, ఫిజియోథెరపీలో టెన్స్ మిషన్ (చర్మం మీద నుంచి సన్నగా కరెంటు పంపి నొప్పి తగ్గించేది) పెట్టించమన్నారు. పిక్కల మీద జిగురు ప్యాడ్లు అంటించి రోజూ అరగంట పెడతారు, చీమలు పాకినట్టు ఉంటుంది. మూడు వారాలకి అమ్మ రాత్రిళ్ళు లేవడం బాగా తగ్గింది. షుగర్ మాత్రం తగ్గలేదు. ఇది నొప్పి కోసమే, షుగర్ కోసం కాదని డాక్టరుగారు ముందే చెప్పారు.

ఆ మేలు చూశాక అమ్మకి కరెంటు వైద్యం మీద గురి కుదిరింది. పోయిన ఏడాది పక్క ఊళ్ళో కల్యాణమండపంలో ఎవరో ఉచిత శిబిరం పెట్టి, చెవి క్లిప్ మిషన్ అమ్మారు. క్లిప్ పెట్టకముందు వేలు గుచ్చి చూస్తే 262, పెట్టి తీశాక 178. అందరి ముందూ చూపించేసరికి అమ్మ నమ్మేసింది. ఇంటికి తెచ్చుకుని, మాకు చెప్పకుండా మాత్రలు మానేసింది. పన్నెండు రోజులకి ఒకటే దాహం, ఊరికే నీరసం. పరగడుపున చూస్తే 311! ఆ పూట మా ఇంట్లో ఎవరం అన్నం తినలేదు.

తర్వాత నిదానంగా అడిగితే అసలు సంగతి తెలిసింది. అమ్మ ఇంట్లో నాలుగు ఇడ్లీలు తిని వెళ్ళింది. మొదటిసారి చూసింది తిన్న గంటకి, రెండోసారి చూసింది ఇంకో గంటన్నరకి. తిన్నాక గంటకి ఎక్కిన షుగర్ ఆ తర్వాత మామూలుగానే దిగుతుంది. క్లిప్ పెట్టకపోయినా దిగేదే.

అలాగని ఈ పద్ధతిలో ఏమీ లేదని కాదు. మెదడు నుంచి మెడ మీదుగా గుండెకి, పొట్టకి, కాలేయానికి, క్లోమానికి వెళ్ళే వేగస్ అనే నాడి ఉంది. దాని కొమ్మ ఒకటి చెవి లోపలి గుంటలో చర్మం కిందికి వస్తుంది. అక్కడ చిన్న కరెంటు ఇస్తే ఆ కబురు మెదడుకి చేరి, ఇన్సులిన్ మీదా కాలేయం వదిలే గ్లూకోజ్ మీదా పని చేస్తుందేమోనని పరిశోధిస్తున్నారు. 2014లో చైనాలో ఒక చిన్న పరీక్ష జరిగింది. రోజుకి రెండుసార్లు, 20 నిమిషాల చొప్పున, 12 వారాలు. గ్లూకోజ్ నీళ్ళు తాగిన రెండు గంటల తర్వాత చూసే షుగర్ కొంత తగ్గింది. అయితే అందులో ఉన్నవాళ్ళు షుగర్ రాబోయే దశలో ఉన్నవాళ్ళు, మీ నాన్నగారిలా పదేళ్ళ నుంచి ఉన్నవాళ్ళు కాదు. చర్మం పైనుంచే అల్ట్రాసౌండ్‌తో కాలేయం దగ్గరి నరాలని కదిలించి ఎలుకల్లో, పందుల్లో షుగర్ తగ్గించినట్టు 2022లో ఇంకో పరిశోధన వచ్చింది. ఇవన్నీ ఆశ పెట్టుకోదగినవే. కానీ వీటిని నమ్ముకుని మాత్ర పక్కన పెట్టే రోజు ఇంకా రాలేదు.

నాన్నగారికి గుండెలో పేస్‌మేకర్ ఉన్నా, గుండె దడ జబ్బు ఉన్నా ఇలాంటి మిషన్ డాక్టరుని అడగకుండా అసలు పెట్టవద్దు. ఒకవేళ డాక్టరు సరేనంటే, ఇప్పుడే హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష చేయించండి. మాత్రలు, తిండి, నడక ఏవీ మార్చకుండా మూడు నెలలు వాడి మళ్ళీ చేయించండి. అది సుమారు మూడు నెలల షుగర్ సగటు చెబుతుంది కాబట్టి ఇడ్లీ తిన్న గంటా, తినని గంటా అన్న తేడా రాదు.

ఇంకొకటి. మంట తగ్గితే నరం బాగుపడ్డట్టేనని మేమూ అనుకున్నాం. ఒకరోజు అమ్మ కాలవ రేవు నుంచి ఇంటికొచ్చింది, ఎడమ కాలికి చెప్పు లేదు. బురదలో ఊడిపోయిన సంగతే ఆమెకి తెలియలేదు. బొటనవేలి కింద పల్లేరుకాయ గుచ్చుకుని రక్తం కారుతోంది, అదీ తెలియలేదు. స్పర్శ పోయిన చోట ప్యాడ్లు పెడితే చర్మం కాలినా తెలియదని అప్పుడు ఫిజియో ఆవిడ చెప్పారు. ఇప్పుడు రోజూ రాత్రి నేనే అమ్మ కాళ్ళు కడిగి, వేళ్ళ సందులు కూడా తుడిచి, టార్చి వేసి చూస్తున్నాను. మిషన్ కొన్నా కొనకపోయినా, మీ నాన్నగారి అరికాళ్ళు ఈ రాత్రికి ఒకసారి చూడండి. ఆయన కళ్ళు మూసుకుని ఉండగా వేళ్ళని దూదితో మెల్లగా తాకి, తెలుస్తోందా అని అడగండి. తెలియకపోతే రేపే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.