బస్తాలో బియ్యం ఉండాలండీ

(పాఠకుల ప్రశ్నలకు ఒక క్యారెక్టర్ ఆర్టిస్టు జవాబులు)

ప్ర: సార్, చిన్న వేషమైనా మీ సీన్ గుర్తుండిపోతుంది. పాత్రకి ఎలా ప్రిపేర్ అవుతారు? – ఒక పాఠకురాలు, తెనాలి

జ: పెద్ద సీక్రెట్ ఏం లేదమ్మా, మనుషుల్ని చూస్తా అంతే. ఒకసారి రైస్ మిల్లులో హమాలీ వేషం, బస్తా ఇచ్చారు, ఎత్తితే దూదిలా లేచింది, లోపల గడ్డి కూరారు. అది మోస్తూనే ఓనర్‌తో నాలుగు లైన్ల డైలాగ్ చెప్పాలి, ఎన్ని టేకులు చేసినా ఏదో తేడాగా ఉంది, ఎక్కడో తెలీట్లే. లంచ్ బ్రేక్‌లో ఆ మిల్లులోనే పనిచేసే ఒకాయన్ని అడిగా. ఆయన తలగుడ్డ బిగించి 50 కిలోల బస్తా వీపు మీదకి తీసుకుని లారీ దాకా వెళ్లి దింపి, మెడ తుడుచుకుని అప్పుడు నోరు విప్పాడు, "బరువు మీదున్నప్పుడు మాట రాదు సార్, ఊపిరంతా నడుం దగ్గరే ఉంటది" అని. వెంటనే డైరెక్టర్ గారిని బతిమాలి బస్తాలో బియ్యం పోయించా, డైలాగ్‌ని బస్తా దింపిన తర్వాతకి మార్పించా. నాలుగు లైన్లు రెండయ్యాయి, సీన్ నిలబడింది.

మాయాబజార్‌లో సావిత్రి గారిని చూడండి, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు. ఆ భుజాలు, ఆ చూపు, అచ్చం ఎస్వీ రంగారావు గారే. 1957లో వచ్చిన సినిమా, నేనిప్పటికీ ఆ సీన్లు పాఠంలా చూస్తా.

ప్ర: ఎక్కడికెళ్లినా సెల్ఫీలు అడుగుతారు కదా, విసుగు రాదా? – పాఠకుడు, ఖమ్మం

జ: రాదు బాబూ. మా ఆవిడకి ఆపరేషన్ జరుగుతుంటే బయట కూర్చున్నా, ఒక కుర్రాడు వచ్చి సెల్ఫీ అన్నాడు, సరే అన్నా. ఫోన్ ఎత్తాడు, స్క్రీన్‌లో నా మొహం చూసి దింపేశాడు. ఏమీ అడగలేదు, కిందికెళ్లి టీ పట్టుకొచ్చి, లోపల్నుంచి డాక్టర్ వచ్చేదాకా పక్కనే కూర్చున్నాడు. నాకు పేరు వల్ల దక్కింది ఏంటంటే అదే చెప్తా.

ప్ర: ఇంత పేరుంది, ఎలక్షన్లో ఎందుకు నిలబడరు? – పాఠకుడు, ఒంగోలు

జ: మీ ఒంగోలు నుంచే 1967లో నటుడు జగ్గయ్య గారు లోక్‌సభకి గెలిచారు, గుర్తుంది కదా. ఎన్టీఆర్ గారు 1982 మార్చిలో పార్టీ పెట్టి చైతన్యరథం మీద ఊరూరా తిరిగి 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు, అదే రామారావు గారిని 1989లో కల్వకుర్తి ఓడించింది. చిరంజీవి గారికి 2009లో 18 సీట్లొచ్చాయి, తిరుపతిలో గెలిచి పాలకొల్లులో ఓడిపోయారు. పవన్ కళ్యాణ్ గారు 2019లో నిలబడ్డ రెండు చోట్లా ఓడి, 2024లో పోటీ చేసిన 21 అసెంబ్లీ సీట్లూ గెలిపించుకున్నారు. అంటే మనల్ని చూడ్డానికొచ్చే జనం వేరే లెక్క, ఓటు వేరే లెక్క, రెండూ వేసేది ఒకే మనిషైనా సరే.

నా సంగతి చెప్తా. ఒక ఫ్రెండ్ కోసం ప్రచారానికెళ్లా, వ్యాన్ మీద నా డైలాగ్ చెప్తే ఒకటే ఈలలు. కిందికి దిగాక ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "వేలిముద్ర పడట్లేదని పింఛను ఆపేశారయ్యా" అని వేళ్లు చూపించింది, పొగాకు పనిలో అరిగి అరిగి గీతలే లేవు. ఏ ఆఫీసుకెళ్లాలో, అర్జీలో ఏం రాయాలో నాకు తెలీదు. పక్కనున్న కుర్రాడు టకటకా చెప్పాడు, ఆ కుర్రాడెప్పుడూ కెమెరా ముందుకి రాలేదు. ఆ పని తెలియకుండా నేను నామినేషన్ వేస్తే గడ్డి బస్తా మోసినట్టే కదండీ, అందుకే వెయ్యను. కోట శ్రీనివాసరావు గారు 1999లో విజయవాడ తూర్పు నుంచి ఎమ్మెల్యే అయ్యి నటన, రాజకీయం రెండూ మోశారు, ఆయనంటే నాకు చాలా గౌరవం.

ప్ర: మా అబ్బాయి డిగ్రీ మానేసి సినిమా ఛాన్సుల కోసం హైదరాబాద్ కృష్ణానగర్ వెళ్తానంటున్నాడు. – ఒక తల్లి, నిజామాబాద్

జ: డిగ్రీ పూర్తి చెయ్యమనండమ్మా, కోట గారు కూడా స్టేట్ బ్యాంకులో ఉద్యోగం చేస్తూనే నాటకాలేశారు. ఛాన్స్ ఇప్పిస్తానని డబ్బులడిగే ఎవడికీ రూపాయి ఇవ్వొద్దు, నటించినందుకు మనకి ఇవ్వాలి గానీ మనం ఇవ్వడం ఏంటి. ఈ లోపు ఏదో ఒక నాటక పరిషత్తు పోటీలో చిన్న వేషమైనా వెయ్యమనండి, మైకు లేకపోయినా చివరి వరసలో ముసలాయనకి వినపడేలా మాట్లాడ్డం అక్కడే వస్తుంది.