ఆ ఎనిమిదేళ్లూ ఎక్కడమ్మాయ్?

చిరంజీవి అమ్మాయికి,

అమెరికన్ రాక్ గాయని టీనా టర్నర్ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం చదివాను. చెయ్యి తిరిగింది నీకు, ఆ విషయంలో బెంగ లేదు. కానీ చదవడం పూర్తయ్యేసరికి నాకు ఆవిడ కంటే ఆవిడ భర్త ఐక్ టర్నర్ గురించే ఎక్కువ తెలిసింది. ఎప్పుడు కొట్టాడు, ఎందుకు కొట్టాడు, కొకైన్‌కి ఎలా అలవాటు పడ్డాడు, అన్నీ ఉన్నాయి. పాడిన మనిషి ఏదీ?

నీ మొదటి పేరా 1976 జులైలో ఆవిడ ఐక్ దగ్గర్నుంచి పారిపోయిన డాలస్ హోటల్‌తో మొదలవుతుంది. బట్టల మీద రక్తం, చేతిలో 36 సెంట్లు, ఒక పెట్రోలు కార్డు, పరుగున హైవే దాటి ఇంకో హోటల్లో గది అడగడం. గొప్ప సన్నివేశమే, కాదనను. అందుకే ఆవిడ మీద రాసే ప్రతివాళ్లూ అక్కడే మొదలుపెడతారు. నువ్వు దాన్ని తీసెయ్యక్కర్లేదు, లోపలికి జరుపు చాలు. దాని చోటు దానికి ఇవ్వు, ఇల్లంతా రాసివ్వకు.

ఈ మాట చెప్పడానికి కారణం ఉంది. 1981లో ఆవిడ ఒక పత్రికకి ఆ కాపురం సంగతంతా చెప్పేసింది. ఒకసారి చెబితే మళ్లీ ఎవరూ అడగరనుకుంది. అడిగారు. 1986లో ఆత్మకథ వచ్చింది, మళ్లీ అడిగారు. 1993లో ఆమె జీవితం మీద సినిమా వచ్చినప్పుడు వెనిస్‌లో విలేకరులు పక్కన కూర్చోబెట్టి మరీ అడిగితే, తను ఆ సినిమా చూడనే లేదని చెప్పింది. ఒక మనిషి తన కష్టాన్ని వదిలించుకోవాలని చెప్పుకుంటే, దాన్నే ఆవిడ ఇంటిపేరు చేసేశాం. ఆ పనిలో నువ్వు కూడా ఓ చెయ్యి వెయ్యాలా?

ఇక అసలు ఫిర్యాదు. "తర్వాత కొన్నాళ్లు ఇబ్బందులు పడి, 1984లో ఘనంగా తిరిగొచ్చింది" అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. ఆ కొన్నాళ్లు ఎనిమిదేళ్లమ్మా! నాకైతే ఈ కథలో అందరికంటే ముందు చదవాలనిపించేది ఆ ఎనిమిదేళ్లే.

ఏం జరిగిందో చూడు. ఆవిడ పారిపోవడంతో మధ్యలో ఆగిపోయిన షోల నష్టం ఆవిడ నెత్తినే పడింది. కొంతకాలం ప్రభుత్వమిచ్చే ఫుడ్ స్టాంపులతో ఇల్లు గడిచింది. 1978లో విడాకులు వచ్చాయి. ఆస్తి కోసం పట్టుబట్టలేదు, టీనా టర్నర్ అనే పేరు మాత్రం తనకు ఉండాలంది. ఆవిడ అసలు పేరు అనా మే బులక్. 1960లో మొదటి రికార్డు వస్తున్నప్పుడు ఐక్ ఆమెను అడక్కుండానే టీనా అని పెట్టి, ఆ పేరు మీద హక్కులు తన దగ్గర ఉంచుకున్నాడు. ఈవిడ వెళ్లిపోతే ఇంకో అమ్మాయిని అదే పేరుతో స్టేజీ ఎక్కించొచ్చని లెక్క. ఆ లెక్కే తిరగబడింది. ఇది నీ వ్యాసంలో బ్రాకెట్లో ఉంది! బ్రాకెట్లో పెట్టే సంగతేనా ఇది?

పేరైతే దక్కింది గానీ పని? టీవీ ఆటల కార్యక్రమాలు, లాస్ వేగస్ షోలు, హోటళ్లలో భోజనాలు చేస్తూ వినేవాళ్ల ముందు పాటలు. వయసు నలభైకి దగ్గరపడుతోంది, చేతిలో హిట్టు లేదు, రికార్డు కంపెనీలకు ఆసక్తి లేదు. అయినా చిన్న హాలని తక్కువ చేసి పాడలేదు. అప్పటి వీడియోలు వెతుకు, దొరుకుతాయి. తర్వాత రోజర్ డేవిస్ అనే ఆస్ట్రేలియన్ మేనేజరుగా వచ్చాడు. 1982లో లండన్‌లో ఒక పాట రికార్డింగుకి వెళ్తే స్టూడియోలో వాయించేవాళ్లు ఎవరూ లేరు. బ్యాండ్ ఏదని అడిగితే సింథసైజర్ చూపించారు. ఇరవై ఏళ్లకు పైగా డ్రమ్ములు, ట్రంపెట్ల మధ్య పాడిన మనిషి, ఆ యంత్రం ముందు నిలబడి పాడేసింది. పొగరు చూపించలేదు, పాత రోజుల్ని తలుచుకుని ఏడవలేదు. ఆ మరుసటి ఏడాది అదే జట్టుతో గాయకుడు ఆల్ గ్రీన్ పాత పాటను మళ్లీ పాడితే ఇంగ్లండ్‌లో హిట్టయింది. దాంతో రికార్డు కంపెనీ హడావుడిగా ఆల్బమ్ కావాలంది. అలా వచ్చిందే 'ప్రైవేట్ డాన్సర్'.

అందులో పెద్ద హిట్టయిన పాట ఆవిడకు మొదట నచ్చనే లేదు. మరీ మెత్తగా ఉందనుకుంది. 1984 సెప్టెంబరులో అది అమెరికాలో నంబర్ వన్ అయింది. అప్పుడు ఆవిడ వయసు 44. మరుసటి ఏడాది 'రికార్డ్ ఆఫ్ ది ఇయర్' గ్రామీ. 1988 జనవరిలో రియో డి జనీరోలోని మరకానా స్టేడియంలో ఆవిడ షోకి 1,80,000 మంది దాకా వచ్చారు. ఈ అంకెలన్నీ నీ వ్యాసంలో ఉన్నాయి. కానీ ముందున్న హోటల్ షోలు లేకపోవడంతో, లాటరీ తగిలినట్టు ఉంది.

పాట గురించి నువ్వు రాసింది "అద్భుతమైన గాత్రం", "ఉర్రూతలూగించే స్వరం". ఈ మాటలు ఎవరికైనా సరిపోతాయి. 'ప్రౌడ్ మేరీ' పెట్టుకుని చెవిపెట్టి విను, 1971లో ఐక్, టీనా కలిసి చేసినది. పాట అసలు వేరే బ్యాండుది. వీళ్లు సగం దాకా దాన్ని కబుర్లు చెబుతున్నట్టు నెమ్మదిగా నడిపిస్తారు. వెనకాల ఐక్ మంద్రంలో వంత పాడుతుంటాడు. ఆవిడ గొంతు పెంచదు. ఆ జీర మాత్రం కింద కింద వినిపిస్తూనే ఉంటుంది, ఎప్పుడు విరుచుకుపడుతుందా అని మనకే టెన్షన్. ఒక్కసారి డ్రమ్ములు అందుకుంటాయి, ఇక అదే పాటని పోల్చుకోలేం. ఎక్కడ మారిందో నిమిషం, సెకనుతో సహా రాసుకో. అంతసేపు గొంతును ఎలా ఆపుకుందో నువ్వు పట్టుకుంటే విశేషణాల అవసరం రాదు.

ఇంకోటి. ఆవిడ రాసింది కూడా చూడాలి నువ్వు. 1973లో తన ఊరి మీద తనే పాట రాసింది. టెనెసీలో నట్‌బుష్ అనే పత్తి పొలాల పల్లె, చిన్నప్పుడు తనూ పత్తి ఏరిన చోటు. పాటలో చర్చి ఉంది, పత్తి జిన్నింగు మిల్లు ఉంది, బడి ఉంది, మరుగుదొడ్డి కూడా ఉంది. హైవే నంబరు 19, స్పీడు 25 దాటకూడదు. బాధ, జ్ఞాపకం, మట్టి వాసన లాంటి మాట ఒక్కటి లేదు. పదకొండేళ్ల వయసులో తల్లి వదిలి వెళ్లిపోయింది, ఆ సంగతి కూడా పాటలోకి రానివ్వలేదు. మనవాళ్లు ఊరి మీద రాస్తే మొదటి లైన్లోనే కళ్లు తుడుచుకుంటారు. (నా పాత కవితలు తీసి చూపించకు, నాకూ తెలుసు.)

'అమెరికా ఎల్.ఆర్. ఈశ్వరి' అన్న మాట కొట్టెయ్. ఇద్దరికీ అన్యాయమే.

చివరి రోజులు నువ్వు త్వరగా దాటేశావు, అది సరైన పనే. స్విట్జర్లాండ్‌లో ఇల్లు, 2013లో ఆ దేశ పౌరసత్వం, అదే ఏడాది ఎర్విన్ బాక్‌తో పెళ్లి, 2017లో ఆయన ఇచ్చిన కిడ్నీ, 2023 మే 24న మరణం. అంతకంటే సాగదీయొద్దు. కాకపోతే ఒక్క సంగతి చేర్చు. రాక్ సంగీతంలో గొప్పవాళ్లను గౌరవించే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆవిడను 1991లో ఐక్‌తో జోడీగా చేర్చుకుంది, ఆ సభకి ఆవిడ వెళ్లలేదు. 2021లో ఒక్కదాన్నిగా మళ్లీ చేర్చుకున్నారు. మధ్యలో ముప్పై ఏళ్లు! దాని మీద వ్యాఖ్యానం చెయ్యకు, రెండు సంవత్సరాలూ పక్కపక్కన పెట్టు చాలు.

మొత్తం వ్యాసం తిరగరాయకు ఇప్పుడే. 1976 నుంచి 84 దాకా ఉన్న భాగం ఒక్కటే రాసి ముందు పంపు. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా కాదు, ఒకే ఫైలుగా, అక్షరాలు కాస్త పెద్దవి పెట్టి.

ఆశీస్సులతో,
మీ పిన్ని