ఫీజు కట్టేముందు, రాత్రి డ్యూటీలో ఏం చేస్తాడో అడగండి

ప్రశ్న: మా అబ్బాయి బీఎస్సీ కంప్యూటర్స్ చదివి, రెండేళ్లుగా హైదరాబాద్‌లో సర్వర్ సపోర్టులో నైట్ షిఫ్టులు చేస్తున్నాడు. "నేను చేసే పనంతా రేపు స్క్రిప్టులే చేసేస్తాయి నాన్నా, డెవాప్స్ కోర్సులో చేరతా" అంటున్నాడు. సాఫ్ట్‌వేర్ తయారీ, సర్వర్ల నిర్వహణ కలిపి నేర్పే కోర్సట. ఫీజు 40 వేలట. కట్టమంటారా?
– ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: మీవాడి భయం ఉత్తదేమీ కాదండీ. కాకపోతే ఆ స్క్రిప్టు (కంప్యూటర్ వరసగా చేసుకుపోయే ఆజ్ఞల జాబితా) రాయడానికి అందరికంటే అనువైన చోట కూర్చున్నది కూడా అతనే. ఏ పని రోజూ ప్రాణం విసిగిస్తుందో అతనికే కదా తెలిసేది!

అందుకని డబ్బు ఇప్పుడే కట్టకండి. రాత్రి డ్యూటీలో ఏం చేస్తాడో ఓసారి అడిగి చూడండి. 'డిస్క్ నిండింది' అని అలర్ట్ వస్తుంది. సర్వర్‌లోకి లాగిన్ అయి, ఏ ఫోల్డర్ ఉబ్బిందో వెతికి, పాత లాగ్ ఫైళ్లు (సర్వర్ రాసుకునే చిట్టాలు) తీసేసి, ఆ ఫిర్యాదు టికెట్ క్లోజ్ చేస్తాడు. తెల్లవారుజామున మూడింటికి ఇంకో సర్వర్, మళ్లీ అదే తంతు. దాన్ని బ్యాష్‌లో (సర్వర్‌కు ఆజ్ఞలు రాసే భాష) ఓ పాతిక లైన్లుగా రాసి, క్రాన్‌లో (చెప్పిన వేళకు పనులు నడిపే ఏర్పాటు) పెట్టి, గంటకోసారి దానంతటదే నడిచేలా చేస్తే ఆటోమేషన్ మొదలైనట్టే. బ్యాష్ 1989 నాటిది, లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడిచే సర్వర్లలో మామూలుగా ఉండేదే. పైసా ఖర్చు లేదు.

రాయడం మొదలుపెట్టాక అసలు చదువు మొదలవుతుంది. చేత్తో నడిపితే చక్కగా నడిచిన స్క్రిప్టు క్రాన్‌లో పెట్టగానే మొరాయిస్తుంది. కమాండ్లను ఎక్కడెక్కడ వెతకాలో చెప్పే 'పాత్' అక్కడ బాగా కురచగా ఉంటుంది మరి. ఇంకోసారి ఐదు జీబీల లాగ్ ఫైలు డిలీట్ చేసినా డిస్క్ నిండుగానే కనిపిస్తుంది. ఏదో ప్రోగ్రాం ఆ ఫైలును ఇంకా తెరిచి పట్టుకుని ఉంటుంది, అది వదిలేదాకా జాగా తిరిగి రాదు. వీటన్నిటికంటే గుండె ఆగేది ఒకటుంది. ఖాళీ చేయాల్సిన ఫోల్డర్ పేరును వేరియబుల్‌లో, అంటే విలువ దాచుకునే డబ్బాలాంటి దాంట్లో, పెడతారు. ఎక్కడో స్పెల్లింగ్ తప్పి దానికి విలువే అందలేదనుకోండి, 'ఈ ఫోల్డర్‌లోవి తీసెయ్' అన్న ఆజ్ఞ కాస్తా 'సర్వర్‌లోవన్నీ తీసెయ్' అయి కూర్చుంటుంది. స్క్రిప్టు మొదట్లో 'సెట్ మైనస్ యు' (set -u) అని ఒక్క లైను ఉంటే విలువ లేని వేరియబుల్ దగ్గరే అది ఆగిపోతుంది. ఈ మూడూ స్వయంగా ఎదుర్కొన్న కుర్రాడు ఇంటర్వ్యూలో నోరు విప్పితే తేడా ఇట్టే తెలుస్తుంది. కోర్సు సర్టిఫికెట్ చూసి నేనెప్పుడూ అంత ముచ్చటపడలేదు.

ఈ ప్రయోగాలు ఆఫీసు సర్వర్ల మీద మాత్రం వద్దు. ఇంట్లో లాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ (ఒకే కంప్యూటర్లో ఉత్తుత్తి కంప్యూటర్లు నడిపే సాఫ్ట్‌వేర్) వేసుకుని, అందులో లైనక్స్‌లో ఒక రకమైన రాకీ లైనక్స్ మెషిన్లు రెండు పెట్టుకుంటే సరి. రెండూ ఉచితమే. తర్వాత ఆఫీసులో వాడాలనుకుంటే టీమ్ లీడ్‌కు చూపించి, చేంజ్ టికెట్ (మార్పుకు అనుమతి కోరే దరఖాస్తు) వేసుకునే నడపాలి. పాస్‌వర్డ్ స్క్రిప్టులోనే రాసేసే అలవాటు కొత్తవాళ్లలో ఎక్కువ. అది మొదట్లోనే మానుకోమనండి.

ఒక సర్వర్‌కు బ్యాష్ చాలు. యాభై సర్వర్లకు ఒకే మార్పు చేయాల్సి వస్తే యాన్సిబుల్ అనే ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి. 2012లో వచ్చింది, ఇప్పుడు రెడ్ హ్యాట్ అనే లైనక్స్ కంపెనీ చేతిలో ఉంది. సరిగ్గా రాస్తే రెండోసారి నడిపినా ఇబ్బంది లేదు, అప్పటికే అయిపోయిన పనిని ముట్టుకోదు. రెడ్ హ్యాట్ వాళ్ల ఆర్‌హెచ్‌సీఈ (ఇంజనీర్ స్థాయి సర్టిఫికెట్) పరీక్ష ఇప్పుడు దీని మీదే. టిక్కులు పెట్టే పరీక్ష కాదు, మెషిన్ మీద చేసి చూపించాలి. ఆ సర్టిఫికెట్ చేతికి రావాలంటే దాని కింది మెట్టు ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ కూడా ఉండాలి. నెట్‌వర్క్ వైపు మనసుంటే సిస్కో కంపెనీ సర్టిఫికెట్ పరీక్ష సీసీఎన్ఏలోనూ ఆటోమేషన్‌కు 10 శాతం వెయిటేజీ ఉంది. పైథాన్ భాష వస్తే నెట్‌మికో అనే రెడీమేడ్ కోడ్ లైబ్రరీతో నలభై నెట్‌వర్క్ స్విచ్‌ల సెట్టింగ్‌ల బ్యాకప్ ఒక్క స్క్రిప్టుతో తీసుకోవచ్చు. ఆఫీసులో అంతా విండోస్ సర్వర్లే అయితే అక్కడ బ్యాష్ లాంటిదైన పవర్‌షెల్ పట్టుకోవడం మేలు.

మూడు నెలలు ఆగి, రాసిన స్క్రిప్టులు చూపించమనండి. మీకు అర్థం కాకపోయినా ఫర్వాలేదు, అవి ఏ పనిని తప్పించాయో తెలుగులో చెప్పమనండి. చెప్పగలిగితే ఆ 40 వేలు కోర్సుకు పెట్టాలో, పరీక్ష ఫీజుకు పెట్టాలో అతనే తేలుస్తాడు. అన్నట్టు, నైట్ షిఫ్టు దిగి వచ్చి పడుకునే వేళ ఫోన్ చేసి 'నేర్చుకుంటున్నావా' అని అడక్కండి. వీక్లీ ఆఫ్ రోజు రెండు గంటలు కూర్చుంటే చాలు.